నీటిమీది పొగ

పాశ్చాత్య దేశముల యువజనులు పాడుకొను పాటలను గుఱించి పెద్దలయెదుట ప్రసంగింప బూనుట కొంచెము సాహసమే. “అది సంగీతమా, గోలయా?” అని మనలో పలువురము అడిగియుంటిమి. నేనును అడిగినవాడనే. మా మనుమడు గిటారు నేర్వ మొదలిడిన దినములలో తెల్లవారి లేచినది మొదలు ఒకే చిన్న స్వరఖండమును మరల మరల మీటుచుండెడివాడు. పది పండ్రెండు దినములు ఓర్చితిని. ఒకనాడు ఉండబట్టలేక “ఒరే, దీనికి తరువాయి లేదా?” అంటిని. వాడు నవ్వి, “ఉంది తాతయ్యా. ఇది ఒక ఊళ్లో నిప్పంటుకున్న కథ” అనెను.

నిప్పు, కథ అను రెండు మాటలును నా చెవిని పట్టినవి. మన పల్లెలలో ఏఱు పొంగినను, గాలివాన వచ్చి గ్రామము కొట్టుకొనిపోయినను, ఆ వృత్తాంతమును పదముగా కట్టి ఊరూరను పాడువా రుండెడివారు. పత్రిక చేరని చోటికి ఆ పదము చేరెడిది. మా మనుమడు మీటుచున్నది అట్టి పదమే యని పిమ్మట తెలిసికొంటిని. దాని పేరు “స్మోక్ ఆన్ ది వాటర్”. నీటిమీది పొగ యని తెలుగున చెప్పవచ్చును. దానిని కట్టినది “డీప్ పర్పుల్” అను ఇంగ్లీషు మేళము. అది పుట్టిన విధమును, లోకము దానిని గ్రహించిన తీరును విన్నవింతును.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పవలెను. ఈ జాతి సంగీతమును “హార్డ్ రాక్” అందురు. నిఘంటువు తెఱచి దీనిని కఠినశిల యని అనువదించినచో పొరపడుదుము. ఇచట రాక్ అనగా ఱాయి కాదు, ఊగుట. ఊగించు సంగీతమునందు మిక్కిలి గట్టిది, మోతగలది యని భావము. ఇది 1960వ దశకపు తుదిని ఇంగ్లండునందును అమెరికాయందును తలయెత్తినది. దీని ప్రత్యేకత మోతలో కంటె ధ్వని యొక్క గరుకుదనములో నున్నది. జాతరలో మైకుసెట్టువాడు యంత్రము శక్తికి మించి ధ్వని పెంచినప్పుడు గొంతు చీలి, బరబరమని వినవచ్చుట మీ రెఱుగుదురు. యంత్రము మోయలేని ధ్వనితరంగముల కొనలు తెగిపోవుటచేత ఆ గరుకుదనము పుట్టును. మనము దానిని లోపమని మైకువానిని కేకలు వేయుదుము. ఈ సంగీతజ్ఞులు ఆ లోపమునే కోరి తెచ్చుకొని, అదుపులో నుంచుకొని, దానిని తమ వాద్యమునకు గొంతుకగా చేసికొనిరి.

ఇక “సింగిల్” అనగా ఒక్క పాట కొఱకు విడుదలచేయు చిన్న గ్రామఫోను ప్లేటు. మన పద్యనాటకముల ప్లేట్లు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు, ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములు పాడెడివి గదా. పిమ్మట వచ్చిన ఏడంగుళముల ప్లేటు 45 చుట్లు తిరుగును. పండ్రెండంగుళముల పెద్ద ప్లేటునందు ఏడెనిమిది పాటలు పట్టును. దానిని “ఆల్బము” అందురు. చిన్న ప్లేటునకు ఎన్నుకొనబడిన పాటనే రేడియోవారు తఱచుగా వినిపింతురు గనుక, పాట యొక్క భాగ్యము ఆ ఎన్నికమీద ఆధారపడియుండెడిది.

డీప్ పర్పుల్ మేళము 1968లో ఏర్పడినది. మన కథాకాలమునాటికి అందులో ఐదుగురు ఉండిరి. గిటారు రిచీ బ్లాక్‌మోర్, గాత్రము ఇయాన్ గిలన్, మంద్రగిటారు రోజర్ గ్లోవర్, ఆర్గన్ జాన్ లార్డ్, డోళ్లు ఇయాన్ పేస్. ఆర్గన్ అనగా మన హార్మనీపెట్టెకు విద్యుత్తుతో నడచు పెద్దన్న యనుకొనుడు. సభలలో తాము వాయించునప్పటి వేడి రికార్డులయందు చల్లారిపోవుచున్నదని వీరికి అసంతృప్తి యుండెను. అందుచే రికార్డింగు స్టూడియోను వదలి, నిజమైన సభామందిరములోనే వాయించి రికార్డు చేయవలెనని నిశ్చయించిరి. రోలింగ్ స్టోన్స్ అను ప్రసిద్ధ మేళమువారికి రికార్డుచేయు యంత్రములన్నియు అమర్చిన లారీ యొకటి యుండెను. దానిని అద్దెకు తీసికొని, 1971 డిసెంబరు మొదటి దినములలో స్విట్జర్లండుదేశమున జెనీవా సరస్సు ఒడ్డుననున్న మోంత్రో పట్టణము చేరిరి.

ఆ పట్టణమున సరస్సునకు ఎదురుగా ఒక కాసినో యుండెను. జూదశాల, భోజనశాల, సంగీతసభామందిరము అన్నియు ఒకేచోట గల పెద్ద భవనమది. అచ్చట 1967 మొదలు ఏటేట సంగీతోత్సవము జరిపించుచున్న క్లాడ్ నోబ్స్ అను ఆ యూరివాడే వీరికి ఏర్పాట్లన్నియు చేసిపెట్టెను. చలికాలమున కాసినో మూయబడును. మూతపడిన పిమ్మట మందిరము వీరికి అప్పగింపవలెనని ఒప్పందము. ఒక్క కచేరి మాత్రము మిగిలియుండెను. డిసెంబరు 4వ తేది శనివారమునాడు ఫ్రాంక్ జాపా అను అమెరికనుని మేళము పగటి కచేరి చేయవలసియుండెను. డీప్ పర్పుల్ వారును వినుటకు పోయి శ్రోతలలో కూర్చుండిరి.

కచేరి చివరిభాగమున, శ్రోతలలో నొకడు ఒక సంకేతపు తుపాకిని పైకెత్తి కాల్చెను. ఆపదలో చిక్కిన ఓడలవారు ఆకాశమున వెలుగు చిమ్ముటకు వాడు తుపాకి యది. ఇంటిలోపల కాల్చునది కాదు. మందిరపు పైకప్పునకు క్రిందివైపున పేముతో అల్లిన కప్పుండెను. ఎండిన పేము ఎట్లు అంటుకొనునో తాటాకు పందిళ్లక్రింద నాటకములు చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మొదట చిన్న మంట మాత్రమే కనబడుటచేత జనము వెంటనే కలవరపడలేదు. జాపా వాయిద్యము నిలిపి, తొందరపడక ద్వారములవైపు నడువుడని వేదికమీదనుండి శాంతముగా చెప్పెను. ఆ సభను శ్రోతలలో నెవరో రికార్డుచేసియుంచిరి. అందు ఆతని గొంతు నేటికిని వినవచ్చుచున్నది. ఆ మాటలలో అరపు లేదు, వణకు లేదు. ప్రాణములు నిలుపుటలో ఆ గొంతునకును కొంత పాలు కలదని నా నమ్మకము. అగ్నితోబాటు తొక్కిసలాటయు ప్రాణములు తీయగలదని మనకు తెలియును.

మంట త్వరలోనే కప్పంతయు ప్రాకెను. కొందఱు పెద్ద అద్దపు కిటికీలను పగులగొట్టి వెలుపల పడిరి. క్లాడ్ నోబ్స్ లోపల చిక్కిన పిల్లలను చేయిపట్టి ఈడ్చుచు, మరల లోనికి పోవుచు, మరల ఈడ్చుకొని వచ్చెను. భవనము కాలిపోయినది. జాపా మేళము వాద్యములన్నియు బూడిదయయ్యెను. కాని ఒక్క ప్రాణమైనను పోలేదు. కొందఱు గాయపడిరి, అంతే.

డీప్ పర్పుల్ వారు తమ బసకు చేరి, కిటికీలనుండి ఆ దహనమును చూచుచుండిరి. కొండలమీదినుండి దిగు గాలి ఆ పొగను సరస్సుమీదికి త్రోసెను. మంటలు ఒక ప్రక్క ఎఱ్ఱగా వెలుగుచుండగా, నీళ్లమీద పొగ దుప్పటివలె పఱచుకొని కదలక నిలిచెను. తమ పని ఏమగునో, పెట్టిన సొమ్ము ఏమగునో అను చింత వారికి అప్పుడు కలుగకపోదు. లారీకి మాత్రము హాని కలుగలేదు. యంత్రములు గలవు, మేళము గలదు, వాయించుటకు చోటు లేదు.

నోబ్స్ తన ఉత్సవమందిరము కాలిన దుఃఖములోను వీరిని విడువలేదు. పవిలియన్ అను మఱియొక నాటకశాలను చూపెను. అది ఊరినడుమ నున్నది. అచ్చట రాత్రి వీరు వాద్యములు శ్రుతిచేసి, బ్లాక్‌మోర్ కట్టిన ఒక క్రొత్త వరుసను వాయింప మొదలిడగా, చుట్టుప్రక్కల ఇండ్లవారు నిద్రలు చెడి పోలీసులను పిలిచిరి. పోలీసులు వచ్చి తలుపులు బాదుచుండగా, మేళము పరిచారకులు లోపలినుండి తలుపులు అదిమిపట్టుకొనిరట. వాయిద్యము ముగియువఱకు తలుపు తెఱవలేదు. ఆ ఊరివారి నిద్రను తలచిన నాకు వారిపై జాలి కలుగును. అయినను ఆ రాత్రి దక్కిన ఒక్క వాయిద్యమే మన పాటకు శరీరమైనది. అప్పటికి దానికి పేరు లేదు, మాటలు లేవు.

అచ్చటినుండి వెళ్లగొట్టబడి, చలికాలమునకై మూసివేయబడిన గ్రాండ్ హోటలు అను ఖాళీ వసతిగృహమున చేరిరి. మంచువలె చల్లబడిన ఆ యింటి నడవలలో పరుపులు నిలువబెట్టి, వేడిగాలి యంత్రములు పెట్టి, దానినే స్టూడియోగా మార్చుకొనిరి. లారీ వెలుపల నిలిచియుండెను. మార్టిన్ బర్చ్ అను యంత్రజ్ఞుడు అందు కూర్చుండి రికార్డు చేసెను. డిసెంబరు 21 నాటికి పని ముగిసినది.

అగ్ని జరిగిన కొలది దినములకు, ఒకనాటి తెల్లవాఱుజామున గ్లోవర్ నిద్రలేచుచునే “నీటిమీది పొగ” అనుమాట తన నోటనుండి వెలువడుట వినెను. గిలన్‌తో చెప్పగా, ఆతడు మొదట, ఇది గంజాయిపాటయని లోకము అనుకొనునేమో యని సందేహించెను. పొగ యనగానే ఆ కాలపు యువకులకు స్ఫురించునది అదియే కాబోలు. తుదకు రికార్డునందు ఇంకను కొన్ని నిమిషములు నింపవలసియుండుటచే, పోలీసులు తలుపులు బాదిన నాటి వరుసకు మాటలు కావలసి, ఆ పేరునే తీసికొని, తమకు జరిగినది జరిగినట్లు వ్రాసిరి.

ఈ పాట విలువ అచ్చటనే యున్నదని నేననుకొందును. అందు ప్రేమవేదన లేదు, వేదాంతము లేదు, అలంకారము లేదు. ఏ యూరికి వచ్చితిమి, ఎందులకు వచ్చితిమి, ఎవరి కచేరిలో ఎట్లు నిప్పంటుకొన్నది, ఎవరు పిల్లలను లాగిరి, పిమ్మట ఎచ్చట తలదాచుకొంటిమి అనునదియే విషయము. గ్రామకరణము వ్రాసిన పంచనామావలె నున్నది. పిల్లలను కాచిన క్లాడ్ నోబ్సును ముద్దుపేరుతో తలచినారు. తుపాకి కాల్చినవానికి మాత్రము పేరు లేదు, తెలివిలేనివాడన్న మాటతో సరి. మన పదములు కట్టినవారును ఇట్లే చేసియుందురు.

వరుస విషయము కొంచెము చెప్పెదను. హార్మనీ యెఱిగినవారు ఇంట ప్రయత్నింపవచ్చును. అందున్నవి నాలుగే స్వరములు. షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, వీనికి తోడు ఒకే ఒక్కసారి తాకి విడుచు ప్రతి మధ్యమము. మొదట స గ మ అని ఎక్కి నిలుచును. రెండవమాఱు స గ పిమ్మట ప్రతి మధ్యమమును తాకి శుద్ధ మధ్యమమునకు దిగును. మూడవమాఱు స గ మ గ స అని ఇంటికి వచ్చును. రెండు మధ్యమములును గల రాగములు మనకును గలవు. హమీర్ కల్యాణి, బేహాగు అట్టివి. కాని వాని నడక వేఱు, దీని నడక వేఱు. ఇంకొక విశేషము, బ్లాక్‌మోర్ ప్రతిస్వరముతోను దానికి దిగువ మధ్యమాంతరముననున్న స్వరమునుగూడ కలిపి, రెండు తంత్రులను ఒక్కసారిగా వ్రేళ్లతో లాగును. నేర్చుకొనువారు పలకతో పైనుండి క్రిందికి గీచుటచేత ఆ రెండును ఒకదాని వెనుక నొకటి పలికి, అసలు రుచి చెడును. మా మనుమడును తొలుత అట్లే చేసెను. పిమ్మట వ్రేళ్లతో లాగ మొదలిడినాడు. అప్పుడు నాకును తేడా తెలిసినది.

పాట వినునప్పుడు వాద్యములు ప్రవేశించు క్రమము గమనింపదగినది. మొదట గిటారు ఒంటరిగా పలుకును. పిమ్మట కంచుతాళముల మెల్లని టకటక, ఆపైని ఆర్గన్, పిదప డోళ్లు, చివరకు మంద్రగిటారు. జాన్ లార్డు తన ఆర్గనునుగూడ గిటారు యంత్రముగుండ బరబరలాడించుటచే ఏది గిటారో ఏది ఆర్గనో చెప్పుట కష్టము. అంతయు కూడిన పిమ్మటనే గాయకుడు కథ నెత్తుకొనును. పందిరిక్రింద మద్దెల, తాళములు, హార్మనీ కుదిరిన పిమ్మట కథకుడు లేచుటవంటిది.

ఇంతకును, దీనిని కట్టినవారికి దీని విలువ తెలియలేదు. ఇది నీకు చిన్న కానుక, రికార్డులో చేర్చబోము, అని వారు తనకు వినిపించి చెప్పిరనియు, మీకు మతిపోయినదా, ఇది చాల పెద్ద పాట కాగలదని తాను వాదించితిననియు నోబ్స్ పిమ్మట చెప్పెడివాడు. 1972 మార్చిలో “మెషీన్ హెడ్” అను ఆల్బము వెలువడినది. ఇంగ్లండున అది ప్రథమస్థానమునకు చేరెను. కాని చిన్న ప్లేటుకై మేళమువారు ఎన్నుకొన్నది “నెవర్ బిఫోర్” అను వేఱొక పాట. అది జనాదరణ పొందునని వారి నమ్మకము. ఇంగ్లండున అది 35వ స్థానముతో సరిపెట్టుకొనెను. నేడు దానిని తలచువా రరుదు.

సభలలో మాత్రము పొగపాట ఎత్తుకొనగానే జనము లేచి నిలువ సాగిరి. 1972 ఆగస్టులో జపానుదేశమున ఒసాకా, టోక్యో నగరములలో చేసిన కచేరీలు రికార్డయి, “మేడ్ ఇన్ జపాన్” అను పేర వెలువడి, ఈ పాటను మఱింత వ్యాపింపజేసినవి. తుదకు ఆల్బము వచ్చిన ఏడాదికి పైబడి, 1973 మేలో, అమెరికాలో దీనిని చిన్న ప్లేటుగా విడుదలచేసిరి. ఐదు నిమిషముల నలువది సెకనుల పాట రేడియోకు పొడవని సుమారు నాలుగు నిమిషములకు కత్తిరించి, రెండవవైపున జపాను సభలోని పాటను వేసిరి. అది అమెరికా పట్టికలో 4వ స్థానమునకు ఎక్కెను. చిత్రమేమనగా, పాట అట్లు మేడలెక్కుచుండగా మేళము విడిపోవుచుండెను. 1973 జూను తుదిని ఒసాకాలో ఆఖరి కచేరిచేసి, పాట పేరు కనుగొన్న గ్లోవరును, పాడిన గిలనును మేళమును విడిచిపోయిరి. వారు 1984లో గాని మరల కలియలేదు. ఇంగ్లండున అది చిన్న ప్లేటుగా వెలువడునప్పటికి 1977 వచ్చినది.

లోకాదరణకు వేఱొక ఫలముగూడ గలదు. గిటారు పట్టిన ప్రతి బాలుడును మొదట నేర్చునది ఇదియే యగుటచే, వాద్యముల అంగళ్లవారు వినివిని విసిగిపోయిరని పరిహాసము పుట్టినది. నాలుగు స్వరముల పాట యేమి పాటయని వెక్కిరించినవారును గలరు. బ్లాక్‌మోర్ దానికి సమాధానముగా, బేతోవెను ఐదవ సింఫనీ మొదలును అట్లే సులభమైనది గదా యని చెప్పెడివాడు. పోలిక పెద్దదే. కాని సులభమైనదానిని మొదట కనుగొనుట సులభము కాదను మాటను నేను కాదనలేను.

అగ్నిలో తన వాద్యములు పోయిన జాపాకు మఱియొక ఆపద వెన్నంటివచ్చెను. ఆఱు దినములకే, డిసెంబరు 10న, లండను సభలో ఒకడు వేదికమీదికి వచ్చి ఆతనిని ఎత్తునుండి క్రిందికి త్రోసివేసెను. కాలు విఱిగి, గొంతు నలిగి, ఆతడు చాలనెలలు చక్రముల కుర్చీలో నుండవలసివచ్చెను. ఎదుటివాని కాలిన వాద్యములు, విఱిగిన కాలు ఒకవైపు, ఆ అగ్నినుండి పుట్టిన పాటకు వచ్చిన కీర్తి ఒకవైపు. ఈ లెక్క నాకు తెగలేదు.

1988 డిసెంబరు 7న ఆర్మీనియాదేశమున భూకంపము వచ్చి ఇరువదియైదువేలమంది దాక మరణించిరి. బాధితుల సహాయమునకై 1989లో ఇంగ్లండు సంగీతజ్ఞులు కూడి ఒక పాట రికార్డు చేయదలచినప్పుడు ఎన్నుకొన్నది ఈ నీటిమీది పొగనే. గిలన్, బ్లాక్‌మోరులతో బాటు బ్రయన్ మే, డేవిడ్ గిల్మోర్, టోనీ అయొమి మొదలగు ఇతర మేళములవారును అందు పాల్గొనిరి. గిలన్ ఆ దేశమును మఱవలేదు. గ్యూమ్రీ పట్టణమున భూకంపమునకు కూలిన సంగీతపాఠశాలకై ఆతడును అయొమియు 2011లో మఱియొక రికార్డుచేసి సొమ్ము కూర్చిరి. పాఠశాల మరల నిలిచినది.

మోంత్రోలో కాసినోను తిరుగకట్టి 1975లో తెఱచిరి. సంగీతోత్సవము అందు మరల సాగెను. జాన్ లార్డు 2012 జూలైలోను, క్లాడ్ నోబ్స్ 2013 జనవరిలోను గతించిరి. సరస్సు ఒడ్డున నడచు బాటప్రక్క ఆ మేళము పేరును, పాట పేరును గల ఒక శిల్పము నిలుపబడియున్నది. మా మనుమడు వాయించి వాయించి నన్ను విసిగించిన ఆ స్వరములును పాశ్చాత్య స్వరలిపిలో దానిపై నున్నవి.